ఓ సున్నా

బండి కడుపు కింద చెయ్యి దూర్చి
కిరసనాయిల్ గుడ్డతో మడ్డి తుడిచి
పల్చటి కాగితం పరిచి
పెన్సిల్ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దుతాను.
ఇనుములో దాక్కున్న అంకెలు
నల్లపొడిలోంచి ఒక్కొక్కటే పైకి తేలతాయి.
చాసిస్ అచ్చు తీయడం నా పని.
అచ్చుకి ముప్పై రూపాయలు.
శ్రీకాకుళం రవాణా ఆఫీసు గోడవతల
చిరిగిన గొడుగు కింద పంతొమ్మిదేళ్లు.

ఆవేళ ట్రాలీ ఆటోలోంచి
తాళ్లు విప్పుకుని ఓ నీలం స్కూటర్ దిగింది.
దాని వెనకే మైలపల్లి లోలాక్షి దిగింది.
బందరువానిపేట మనిషి.
పెనాంగులో ముసలాళ్ల ఆశ్రమంలో
పదకొండేళ్లు పక్కలు మార్చి, ఒళ్లు తుడిచి వచ్చింది.
"బండుండీ బండికి కిరాయిచ్చినాను బాబూ,
నంబర్లేదని" అంది.

ముంబై రేవులో పదకొండు వారాల అద్దె,
ఆపైన సుంకం, సుంకం మీద సెస్సు.
రసీదులన్నీ కూడితే
బండి ధర ఓ మూలన నిలబడి సిగ్గుపడింది.
"ఈ డబ్బుకి ఇక్కడ కొత్తవి రెండొచ్చును కదమ్మా!"
"ఒచ్చును. అయితే ఇది నా పేర్న ఉంది."
మరింకేమీ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

అచ్చు తీశాను. లోపలికి పంపాను.
గంటకి తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో ఒక చుట్ట చుట్టుకుని.
ఇనుములో సున్నా.
కస్టమ్స్ కాగితంలో ఇంగ్లీషు ఓ.
కంప్యూటర్ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టి
ఎవరో నువ్వు, నాకు తెలీదు పొమ్మంది.

లోకంలో ఏ కంపెనీ కూడా చాసిస్ మీద
ఓ అన్న అక్షరం కొట్టదు,
సున్నాతో పోలికొస్తుందనే మానేశారు.
ఆ సంగతి బండి చేసినోడికి తెలుసు.
అచ్చు తీసే నాకు తెలుసు.
టైపు కొట్టినోడికి తెలీదు.
"మరైతే నీ మాట సెల్లదేటి?"
"చెల్లదమ్మా. నాది పెన్సిలు."

తర్వాత ఉత్తరాలు.
ముంబై ఏజెంటు ఫోనులో హిందీ పాట, పాట, పాట.
నెల దాటితే పాత అచ్చు పనికిరాదు,
మళ్లీ కాగితం, మళ్లీ కిరసనాయిలు.
నాలుగో అచ్చు నుంచి డబ్బులు పుచ్చుకోలేదు.
ఐదోసారి టీ తనే తెచ్చింది.

గొడుగు నీడలో కూచుని అనేది:
"మా తాత రంగం నుంచొచ్చి కళింగపట్నంలో దిగినాడంట,
నెత్తి మీద టేకు పెట్టె.
దానికెవుడూ బిల్లడగలేదు.
ఇప్పుడక్కడ ఓడల్లేవు,
దీపస్తంభమొకటి ఉత్తినే కళ్లు తిప్పుతాది."

ఇంకోసారి అనింది:
"పేటలో ఎవులైనా పిలిస్తే ఓ అంటాం.
అక్కడ పదకొండేళ్లు నన్నలా పిలిసినోళ్లు లేరు,
పలికింది లేదు.
నోట్లో మిగిలిపోనాది కామోసు,
ఎల్లి కాయితం మీద కూసుంది."

ఆషాఢంలో, కరెంటు లేని మధ్యాహ్నం,
కస్టమ్స్ వాళ్ల దిద్దుబాటు వచ్చింది.
ఒకటిన్నర వాక్యం.
దానికోసం ఎనిమిది నెలలు.
పోర్టల్లో ఆ మోడలుకి పేరు లేదు,
ఇన్‌స్పెక్టరు కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి
ఇతరములు అని నొక్కాడు.

"ముప్పై నంబరియ్యండి, మన జిల్లాది."
"ముప్పై ఎప్పుడో పోయిందమ్మా,
ఇప్పుడు రాష్ట్రమంతా ముప్పై తొమ్మిదే."
"పోన్లే. తొమ్మిది ఎక్కువేసినారు."

బ్యాటరీ చచ్చిపోయింది.
నేనూ, టీ కుర్రాడూ,
లైసెన్సు పరీక్షలో తప్పిన ఓ పొడుగు మనిషీ
తలో చెయ్యీ వేసి తోసి, వైర్లు కలిపి
ఎలాగో బతికించాం.
దగ్గింది, పొగ కక్కింది, కదిలింది.

చూస్తే నా బల్ల మీద
ప్లాస్టిక్ సంచీ: రసీదులూ, ఉత్తరాలూ,
ఏడు నల్లటి అచ్చులూ.
అప్పటికే హైవే ఎక్కేసింది.
"లోలాక్షమ్మా!" అని కేకేశాను.

పలాస బస్సు హారను కిందనుంచి
ఆగకుండానే
"ఓ..!" అంది.